ఆదివారం కూడా షాపు తెరవాలా? విశ్రాంతి గురించి అడిగిన సహోదరుడికి

సహోదరుడికి వందనాలు.

ఇతరులకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. విజయవాడలో మీకు ఫ్లెక్సీలు, శుభలేఖలు వేసే ప్రింటింగ్ షాపు ఉంది. ముగ్గురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. మిషన్ మీద అప్పు ఉంది. ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్లి వచ్చి, భోజనం చేసి షాపు తెరుస్తున్నారు. సాయంత్రం మళ్లీ మందిరంలో పాటల సాధన. నెలల తరబడి ఒక్క పూట ఖాళీ లేదు. బీపీ మొదలైంది, పని తగ్గించమని డాక్టరు చెప్పారు. మీ అన్నయ్యగారేమో "ఈ వయసులో విశ్రాంతి ఏమిటి, సోమరితనానికి వాక్యాన్ని అడ్డం పెట్టుకోకు" అంటున్నారు. విశ్రాంతి నిజంగా దేవుని మాటేనా, లేక మన బద్ధకానికి మనమే తొడిగిన ముసుగా అని మీరు అడిగారు.

సూటిగా చెబుతాను. విశ్రాంతి ఆజ్ఞ. నరహత్య చేయకూడదు, దొంగిలకూడదు అన్న మాటల సరసనే పది ఆజ్ఞల్లో అదీ ఉంది. వారంలో ఒక రోజు షాపు పూర్తిగా మూసేయండి. ఆదివారమైతే మంచిది, ఏ విధంగానూ కుదరకపోతే మరో రోజు. ఆ ముగ్గురు కుర్రాళ్లకూ జీతం కోయకుండా అదే రోజు సెలవు ఇవ్వండి. మందిరానికి వెళ్లి వచ్చినంత మాత్రాన ఈ ఆజ్ఞ నెరవేరిందని అనుకోకండి. జవాబు ఇంతే. ఇక్కడితో ఆపేసి పడుకున్నా నాకు సంతోషమే. కారణాలు కావాలంటే కింద చదవండి.

నేను చాలా ఏళ్లు గుంటూరులో, కొంతకాలం విజయవాడలో పాస్టరుగా పనిచేశాను. మిర్చి యార్డు హమాలీలు, ఆటోనగర్ మెకానిక్కులు, నర్సులు, కాలేజీ లెక్చరర్లు, అందరూ మా సంఘాల్లో ఉండేవారు. "అయ్యగారూ, బలం కోసం ప్రార్థన చేయండి" అని వచ్చినవాళ్లను "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు?" అని ముందు అడగడం నాకు అలవాటైంది. కొందరు చిన్నబుచ్చుకునేవారు. కానీ రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయాకు దేవుడు చేసిన వైద్యం అదే. ప్రాణం తీసుకోమని దేవుణ్ణి బతిమాలి, చెట్టు కింద పడి నిద్రపోయిన ప్రవక్తకు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు చూపించి "లేచి తిను" అన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాత, హోరేబు కొండకు చేరాక.

ఇక ఆజ్ఞ సంగతి. విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల, రెండు కారణాలతో ఉంది. నిర్గమకాండం 20లో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడవ దినాన విశ్రమించాడు. మన ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. ద్వితీయోపదేశకాండం 5లో మాత్రం కారణం ఐగుప్తు (ఈజిప్టు) దాసత్వం. "నువ్వూ ఒకప్పుడు దాసుడివే, జ్ఞాపకం చేసుకో, అందుకే నీ దాసుడు, దాసి కూడా నీలాగే విశ్రమించాలి" అన్నది అక్కడి సారం. నిర్గమకాండం 23:12 ఇంకా ముందుకు వెళ్తుంది. ఎద్దు, గాడిద, దాసి కొడుకు, పరదేశి కూడా సేద తీరాలంటుంది.

మనం తరచూ దాటేసి వెళ్లే సంగతి ఇక్కడ ఉంది. ఈ ఆజ్ఞ ముందుగా తగిలేది పని చేయించేవాడికి. అలసిపోయినవాడు తనకు తానుగా సెలవు తీసుకోలేడు కాబట్టి, పగ్గం ఎవరి చేతిలో ఉందో వాళ్లతోనే దేవుడు మాట్లాడాడు. మీరు ఆదివారం సాయంత్రం మందిరంలో కూర్చుని, మీ కుర్రాడు అదే సమయంలో షాపులో ఫ్లెక్సీలకు ఐలెట్లు (తాడు కట్టే రింగులు) కొడుతూ ఉంటే ఆజ్ఞలో సగమే పాటించినట్టు. నా దృష్టిలో అది చిన్న సగం. ఆ కుర్రాళ్లు క్రైస్తవులా కాదా అన్నది దీనికి అడ్డం కాదు. ఆ జాబితాలో పరదేశి కూడా ఉన్నాడు, "ఆరాధనకు వస్తేనే సెలవు" అన్న షరతు అతనికి లేదు. మీరూ పెట్టకండి. క్రికెట్ ఆడుకుంటారో, నిద్రపోతారో, వాళ్ల ఇష్టం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఉద్యోగికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఆదివారం సెలవు మనకు దొరల కాలం నుంచి వచ్చిన క్రైస్తవ కానుక అని మనవాళ్లలో చాలామంది మురిసిపోతారు. ఆ దొరల కాలంలోనే బొంబాయి మిల్లుల్లో కార్మికులకు వారపు సెలవు లేదు. జోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890 జూన్‌లో ఆదివారం సెలవు వచ్చింది. మన ఆజ్ఞను మనకంటే ముందు ఇతరులు పట్టించుకోవడం ఇదొక్కసారే జరిగిన సంగతి కాదులెండి.

మీ అన్నయ్యగారి మాటకు జవాబు నిర్గమకాండం 5లో ఉంది. ఇశ్రాయేలీయులు మూడు దినాల ప్రయాణం చేసి దేవుణ్ణి ఆరాధించుకుంటామని అడిగితే ఐగుప్తు రాజు ఫరో ఇటుకల పనికి గడ్డి ఇవ్వడం ఆపేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. మొర పెట్టుకుంటే "మీరు సోమరులు, మీరు సోమరులు" అన్నాడు. ఈ సంగతి అన్నయ్యగారికి చెబితే మెల్లగా చెప్పండి, ఫరోతో పోలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు కూడా. ఆజ్ఞలోనే "ఆరు దినములు కష్టపడి" అని ఉంది. పనిచేయనివాడు భోజనం చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. ఆదాము పాపం చేయకముందే తోటను సేద్యపరచే పని అతనికి అప్పగించారు, కాబట్టి పని శాపం కాదు. ఈ రోజుల్లో "నాకు మనశ్శాంతి కావాలి" అంటూ ఏ పనిలోనూ మూడు నెలలు నిలవని కుర్రాళ్లనూ చూశాను, వాళ్లకు నేను విశ్రాంతి గురించి బోధించను. మీ సంగతి వేరు. మీరు రాసిన వేళల ప్రకారం ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది వరకు, ఆరు రోజులకే 78 గంటలు.

ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. బీపీ ఉన్న మనిషి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకో మాట: వారానికి ఒక రోజు సెలవు బీపీ మాత్రకు బదులు కాదు. రెండూ కావాలి. నాలుగైదు వారాలు సరిగ్గా విశ్రాంతి తీసుకున్నా అలసట తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మానసిక కుంగుబాటు కావచ్చు. విశ్వాసం తక్కువైందని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

ఇప్పుడు మా ఇంటి సంగతికి, అంటే సంఘం సంగతికి వస్తాను. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, భరించండి. ఆదివారాన్ని షాపుల కంటే ఎక్కువగా మింగుతున్నది మన సంఘాలే. ఉదయం సండే స్కూలు, ఆ తరువాత రెండున్నర గంటల ఆరాధన, అది కాగానే కమిటీ మీటింగు, మధ్యాహ్నం యవ్వనస్తుల కూడిక, సాయంత్రం గృహ ప్రార్థన. ఈస్టరుకు ముందు లెంట్ నలభై రోజులూ ఇంటింటి కూడికలు, డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌లు. ఇందులో ఏదీ చెడ్డది కాదు. కానీ ఓపిక ఉన్న పది మంది మీదే అన్నీ పడతాయి, వాళ్లే పాడాలి, కుర్చీలు వేయాలి, లెక్కలు రాయాలి. వాళ్లు సోమవారం పనికి వెళ్లేసరికి శనివారం కంటే నీరసంగా ఉంటారు. మార్కు 6లో శిష్యులు సేవ ముగించుకుని తిరిగి వచ్చి, జనం తాకిడికి తిండి తినడానికి కూడా తీరిక లేక ఉంటే, యేసు వాళ్లను ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం సేపు అలసట తీర్చుకోమన్నాడు. సేవ చేసి అలసినవాళ్లకే ఆ మాట చెప్పాడు. జనం అక్కడికీ వచ్చేశారు, ఆ రోజు విశ్రాంతి చెడిపోయింది, ఆయన వాళ్లను కసురుకోలేదు. అది నిజమే. అయినా పిలుపు పిలుపే.

మీ పాటల సాధనను శుక్రవారం రాత్రికి మార్చమని, లేదా ఆరాధన అయిన వెంటనే అరగంటలో ముగించమని అడగండి. కాదంటే మూడు నెలలకొకసారి ఒక నెల నేను పాడనని చెప్పండి. పాట ఆగదు. నేను పాస్టరుగా ఉన్నన్నాళ్లూ సోమవారం నాకు సెలవు. చావు కబురు, ఆసుపత్రి కబురు తప్ప ఇంకేదైనా మంగళవారానికే. మొదట్లో గొణిగారు, తరువాత వాళ్లే పక్కవాళ్లకు చెప్పేవారు: "సోమవారం అయ్యగారు దొరకరు."

ఇంకొకరిని మరిచిపోతాం. మీ ప్రశ్నలో మీ భార్య ప్రస్తావన లేదు, కాబట్టి అడుగుతున్నాను: ఆమెకు ఆదివారం ఎలా గడుస్తోంది? గుంటూరులో మా సంఘంలో ఒకావిడ ఆదివారం తెల్లవారుజామునే లేచి అల్లం వెల్లుల్లి నూరి, మసాలా వేయించి, కోడికూర పొయ్యి మీద పెట్టి, పిల్లలకు తలంటి, తెల్లచీర కట్టుకుని తొమ్మిదిన్నరకు ముందు వరుసలో కూర్చునేది. ప్రసంగం సగానికి వచ్చేసరికి తల వాలిపోయేది. ఒళ్లో బైబిలు జారకుండా చీర కొంగుతో చుట్టి పట్టుకునేది. ఆరాధన కాగానే మళ్లీ వంటింటికి పరుగు, పది మంది భోజనాలు, ఒక్కోసారి అందులో నేనూ ఒకణ్ణి. చివరికి వాళ్లాయనతో "ఆదివారం మాకు పప్పుచారు, అప్పడాలు, శనివారం నూరిన గోంగూర పచ్చడి చాలు, నన్ను పిలిచినా అదే పెట్టండి" అన్నాను. హాస్యమాడుతున్నానని ఆయన నవ్వాడు. మరుసటి ఆదివారం వెళ్లి కోడికూర ముట్టుకోకుండా పచ్చడితో తిని వచ్చాక నమ్మాడు. ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు అన్నీ ఉన్నాయి గానీ భార్య పేరు లేదు కదా అని ఒక తెలివైన భర్త నన్ను నిలదీశాడు కూడా. పని మానవలసిన "నీవు"లో ఆలుమగలిద్దరూ ఉన్నారు, అందుకే వేరుగా రాయలేదు అన్నాను. ఆ తరువాత ఆయన మళ్లీ అడగలేదు.

ఆదివారమే ఎందుకు, మంగళవారం మూస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలుతుంది, దిన నియమం విషయంలో ఎవరి మనస్సులో వారు నిశ్చయించుకోమని రోమా 14 స్వేచ్ఛ ఇచ్చింది. శనివారమా ఆదివారమా అన్న వాదనలోకి నేను దిగను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి ఆదివారం డ్యూటీ పడినప్పుడల్లా పాపం చేసినట్టు ఏడ్చేది. దేవాలయంలో యాజకులు విశ్రాంతి దినాన పనిచేసినా నిర్దోషులే అని ప్రభువే అన్నాడని మత్తయి 12 చూపించి, "నీకు సెలవు ఏ రోజు పడితే అదే నీ విశ్రాంతి దినం, ఆ రోజు బట్టల మూట ముందేసుకుని కూర్చోవద్దు" అని చెప్పాను. కానీ మీ చేతిలో ఎంపిక ఉంది, మీ పిల్లలకు బడి ఆదివారమే ఉండదు. సోవియట్ ప్రభుత్వం 1929లో కర్మాగారాలు ఎప్పుడూ ఆగకూడదని ఐదు రోజుల వారం పెట్టి, కార్మికులకు వంతులవారీగా వేర్వేరు రోజుల్లో సెలవు ఇచ్చింది. భర్తకు ఒక రోజు, భార్యకు ఇంకో రోజు. ఇంట్లో ఎవరూ లేని సెలవు ఎందుకని జనం విసుక్కున్నారు, 1940లో ఆదివారం మళ్లీ వచ్చింది. నలుగురికీ ఒకే రోజు సెలవు ఉండటంలో అర్థం ఉంది.

రోజు కూలీల విషయంలో మాత్రం నేను ఇంత ధీమాగా మాట్లాడను. గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఎండలు ముదిరాక వేసవిలో దాదాపు నెల రోజులు యార్డు మూతపడుతుంది. బయటివాళ్లకు ముచ్చటగా ఉంటుంది, టిక్కీకి (మిర్చి బస్తాకు) ఇంత అని కూలి తీసుకునే హమాలీకి అది ఆదాయం లేని నెల. సీజన్‌లో ఆదివారం కూడా కోల్డ్ స్టోరేజీలో లోడు దించడానికి వెళ్లే ఒకాయన నాతో "అయ్యగారూ, మీ విశ్రాంతి మాకు పస్తు" అన్నాడు. దానికి వాక్యంతో జవాబు చెప్పలేదు. ఆయనా, ఇంకొందరూ కలిసి సీజన్‌లో ప్రతి శుక్రవారం కొంత తీసి పక్కన పెట్టే ఏర్పాటు చేసుకున్నారు, సంఘం కోశాధికారి లెక్క చూసేవాడు. వేసవిలో ఆ డబ్బు చేతికి వచ్చాక ఆదివారం లోడ్లు చాలావరకు మానేశాడు. పిల్లల ఫీజుల నెలలో వెళ్తాడు. నేను ఏమీ అనలేదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా కథలో ఉన్నదీ ఇదే. ఏడవ దినాన మన్నా పడదని ఆరవ దినాన రెండింతలు దొరికింది. విశ్రాంతికి ముందుగా ఏర్పాటు ఉండాలి, లేకపోతే సెలవు రోజంతా లెక్కలతోనే సరిపోతుంది. నూజివీడు వైపు నాకు తెలిసిన, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టు కుటుంబాలు శుక్రవారం సూర్యాస్తమయానికే వంట, ఇల్లు, బట్టలు ముగించి కూర్చుంటాయి. సిద్ధాంతం ఒప్పుకున్నా లేకపోయినా ఆ క్రమశిక్షణ నేర్చుకోదగ్గది. మీరు శనివారం సాయంత్రం ఆరు తరువాత కొత్త ఆర్డరు తీసుకోకండి. డెలివరీలు ముగించండి, కుర్రాళ్లకు వారం డబ్బులు ఇచ్చేయండి.

ఆ తరువాత ఫోను. షట్టరు దించి వాట్సాప్‌లో డిజైన్లు దిద్దుతూ కూర్చుంటే షాపు తెరిచి ఉన్నట్టే. షాపు నంబరు, ఇంటి నంబరు వేరు చేయండి. "ఆదివారం సెలవు, సోమవారం ఉదయం మాట్లాడతాం" అని ఒక్క సందేశం దానంతట అదే వెళ్లేలా పెట్టి, షాపు ఫోను సొరుగులో వదిలేయండి. మొదటి రెండు వారాలు చెయ్యి దాని కోసం వెతుకుతుంది, ఆ తరువాత మానేస్తుంది. ఆ రోజు ఏం చేయాలని పట్టిక వేసుకోకండి. ఆరాధన, భోజనం, నిద్ర, పిల్లలతో కృష్ణ ఒడ్డుకు వెళ్లడం, అంతకు మించి పథకం వద్దు. నిద్రపోతే ఆ రోజు వృథా అయిందని అనుకోకండి. తన ప్రియులు నిద్రపోతుండగా దేవుడు వారికి ఇస్తాడని 127వ కీర్తన అంటుంది.

అప్పు మాటేమిటి అంటారా? ఆమోసు 8వ అధ్యాయంలో ధాన్యం వ్యాపారులు "విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా, ఎప్పుడు గోధుమలు అమ్ముదామా" అని ఎదురుచూస్తారు. మూసి ఉన్న షాపు మనసులో తెరిచే ఉండటం కొత్త జబ్బు కాదు. అయినా వాయిదా కట్టాల్సింది మీరే, కాబట్టి లెక్కతోనే తేల్చుకోండి. ఒక నెల పాటు ఆదివారం వచ్చిన ప్రతి ఆర్డరునూ పుస్తకంలో రాసి, పక్కనే "సోమవారం దాకా ఆగేదా, ఆగనిదా" అని గుర్తు పెట్టండి. శుభలేఖలు ఆగుతాయి. షాపు ప్రారంభోత్సవాలు, ఓణీల ఫంక్షన్లు ఆగుతాయి, ముహూర్తం వాళ్లకు వారం ముందే తెలుసు. నిజంగా ఆగనిది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒక్కటే. మనుషులు ఆదివారం కూడా చనిపోతారు, బావిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయరా అని ప్రభువు అడిగింది ఇలాంటి వాటి గురించే. ఆ కుటుంబం వస్తే కుర్రాళ్లను పిలవకుండా మీరే వెళ్లి, ఆ ఒక్కటి వేసి ఇచ్చి, మిషన్ ఆపేసి ఇంటికి రండి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి మాత్రం శనివారమే రమ్మనండి. ఆయన పుట్టినరోజు ప్రతి ఏడూ అదే తేదీన వస్తుంది.